గాలిలో బంతి పట్టుకున్న చెయ్యి

తోర్స్‌హావ్న్, మంగళవారం

మాలన్‌కి,
పడవ ప్రయాణం బాగానే సాగింది, మోకాలు నొప్పి పెట్టలేదు, దిగులు పడకు.

నిన్న ఫుట్‌బాల్ ఆటలో మన దీవుల జట్టు ఓడిపోయిందని రేడియోలో వినే ఉంటావు. మనవడి పేరు మాత్రం చెప్పి ఉండరు. మన హేరిని ఆఖర్లో ఆటలోకి దింపారు. అంతలో మనకు పెనాల్టీ వచ్చింది. గాలికి బంతి చుక్క మీద నిలవడం లేదు. హేరి గడ్డిలో బోర్లా పడుకుని కుడిచేతి వేలితో దాన్ని కదలకుండా పట్టుకున్నాడు. నా వెనక కూర్చున్న ఒకడు, "లేవరా అబ్బాయ్, మీ నానమ్మ పక్క వేసిందా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. జట్టులోని సామల్ తన్నాడు, గోల్ పడింది. అప్పట్లో మన జట్టు ఆస్ట్రియాను ఓడించిన రోజు రేడియో ముందు నువ్వు ఏడ్చినట్టే నేనూ ఏడ్చాను.

బయటికొచ్చాక హేరి, "నేనేం చేశాను తాతా, పడుకున్నానంతే. నానమ్మకి చెప్పకు. గొర్రెల్ని కొండ దించే రోజున మమ్మల్ని వదిలిపోయింది ఇందుకేనా అంటుంది. నేను ఇంటికి రాను" అన్నాడు. వాడి వేలు నా చేతిలోకి తీసుకున్నాను. ఐసుముక్కలా ఉంది. చివరికి ఇంటికి వస్తానన్నాడు.

శనివారం పడవకు ఇద్దరం వస్తున్నాం. కుంటి గొర్రె మేత తింటోందా? హేరికి ఎండు మాంసం కోసి ఉంచు. పక్కింటి బిల్లాను అడిగానని చెప్పు. వాడు వెళ్ళిపోయాడని కోపమొచ్చి నువ్వు పక్కన పడేసిన హేరి స్వెట్టరుకు ఒక చెయ్యి మిగిలింది కదా, శనివారంలోగా అల్లెయ్యి. మిగిలింది కుడిచెయ్యే.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.
హానుస్