టీచరమ్మ కారులో నేను తిప్పిన స్క్రూ

అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ముందుగా నా రాత సంగతి. పల్లెటూరి బడిలో ఐదు దాకా చదివిన చెయ్యి ఇది. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోకుండా కూడబలుక్కుని చదువుకో. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. అక్కడ నువ్వూ నీ నర్సు ట్రైనింగూ బాగున్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ అమ్మకి కొత్త కళ్లద్దాలు వచ్చాయి. పెట్టుకుని మొదట నన్నే చూసి, "ఇంత ముసలాళ్లు ఎప్పుడయ్యారండీ" అంది. నా మోకాలు ఫరవాలేదు. మన కార్ల రిపేరు షెడ్డు రేకు కారడం లేదు, మీ ఆయనే పైకెక్కి తారు పూశాడు.

చివర్న ఇంకొకటి అడిగావు. "ఆయన షెడ్డు మానేసి గోడౌన్‌లో చేరతానని రాశారు. తనకి పని రాదని అందరూ అంటున్నారట. నిజంగా రాదా నాన్నా?" అని. దానికి ఒక్క ముక్కలో చెప్పలేను. పాటల టీచరమ్మ కారు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఆవిడ కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మీ ఆయన విప్పి చూశాడు. ప్లగ్గులు మార్చాడు. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజనుకి గాలి అందించే ఐడ్లింగ్ వాల్వు అరిగిపోయిందని కొత్తది వేశాడు, దాని కింద గ్యాస్కెట్ కూడా మార్చాడు. ఇంజను స్టార్ట్ చేసి, "కాసేపు దీన్ని ఇలాగే వదిలెయ్యాలి మామయ్యా. కొత్త వాల్వుకి లోపలి కంప్యూటర్ అలవాటు పడాలి" అని చెప్పి భోజనానికి వెళ్లాడు. పని శుభ్రంగా చేశాడు. నేను పక్కనే ఉండి చూశాను.

కారు మళ్లీ రోడ్డెక్కింది. మర్నాడే నాలుగు రోడ్ల కూడలిలో ఆగిపోయింది. వెనక బస్సువాడు ఒకటే హారన్. టీచరమ్మ షెడ్డుకి వచ్చి, "ఇదివరకు వణికేది, ఇప్పుడు ఏకంగా ప్రాణమే వదిలేస్తోంది. ఏం మార్చావు బాబూ?" అంది.

మీ ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఎక్కడైనా గాలి పీలుస్తోందేమోనని గొట్టాలన్నిటి మీదా స్ప్రే కొడుతూ, శబ్దం మారుతుందేమోనని చెవి పెట్టాడు. మారలేదు. కొత్త వాల్వు తీసేసి ఇంకోటి వేశాడు. పాత ప్లగ్గులు వేసి చూశాడు. మూడు రోజులు దాని చుట్టూనే తిరిగాడు. నడిపి చూడబోతే వీధి మలుపులోనే ఆగిపోయింది. పక్క షెడ్డు వెల్డింగాయన ఊరుకుంటాడా? "మామ చెయ్యి వేస్తే బండి లేస్తుంది, అల్లుడు చెయ్యి వేస్తే పడుకుంటుంది" అన్నాడు. టీ తాగడానికి వచ్చినవాళ్లంతా నవ్వారు. మీ ఆయన తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇక దాచను. ఆ మొదటి రోజు అతను భోజనానికి వెళ్లినప్పుడు నేను ఇంజను విన్నాను. నా చెవికి కొంచెం ఎక్కువ తిరుగుతున్నట్టు అనిపించింది. కార్బురేటర్ల కాలంలో మేం ఏం చేసేవాళ్లం? స్క్రూడ్రైవర్ పెట్టి, చెవితో వింటూ, శబ్దం కుదిరేదాకా తిప్పేవాళ్లం. అదే చేశాను. గాలి వెళ్లే దారిలో ఉన్న రేకు పూర్తిగా మూసుకోకుండా ఒక స్క్రూ ఆపుతుంది. దాని తలా పక్క ఇనుమూ కలిసేచోట కంపెనీవాళ్లు తెల్ల రంగు చుక్క పెడతారు, ముట్టుకోవద్దని. చుక్క చూశాను. చూసి కూడా అర చుట్టు తిప్పాను. శబ్దం తియ్యగా కుదిరింది. మనసులో నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. గాలి తగ్గిందనీ, వేడెక్కాక ఆగితే ఇంజను ఊపిరాడక చస్తుందనీ నాకు తట్టలేదు. అతనికి చెప్పనూ లేదు.

నాలుగో రోజు అతను చిన్న అద్దం పెట్టి చూస్తూ, "మామయ్యా, ఈ స్క్రూ మీద చుక్క పగిలింది" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

అతను నన్ను ఒకసారి చూశాడు. పగిలిన చుక్క రెండు ముక్కలూ కలిసేదాకా స్క్రూని వెనక్కి తిప్పాడు. కంప్యూటర్ పాత లెక్క మరిచిపోవడానికి బ్యాటరీ వైరు తీసి పెట్టి, కాసేపు ఇంజను నడవనిచ్చాడు. ఆ తర్వాత కారు ఎక్కడా ఆగలేదు. టీచరమ్మ వచ్చి, "ఈసారైనా సరిగ్గా చేశావా?" అంటే, "చేశానండీ" అన్నాడు. అంతే. వెల్డింగాయన ఇకిలించాడు. నేను వెనక్కి తిరిగి పానాలు సర్దుకున్నాను.

ఒకటో తారీకు నుంచి గోడౌన్‌లో చేరతానని అతను మీ అమ్మకి చెప్పింది ఆ సాయంత్రమే.

మర్నాడు నేను టీచరమ్మ బడికి నడిచి వెళ్లాను. పిల్లలు పాడుతుంటే గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ బయటికి వచ్చాక, "ఆ తప్పు నాదమ్మా, అల్లుడిది కాదు" అన్నాను.

"ఆ మాట షెడ్డులోనే అనొచ్చుగా పెద్దాయనా?"

"నోరు రాలేదు."

వెల్డింగాయనకీ చెప్పాను, టీ బల్ల దగ్గర నలుగురూ వింటుండగా. అతను నవ్వడం మానేశాడు. ఆఖర్న మీ ఆయనకి చెప్పాను.

"తెలుసు మామయ్యా" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

"అందరికీ చెప్పేశాను. ఇంకా ఎందుకు వెళ్లడం?"

"వాళ్లు పని రాదన్నందుకు కాదు వెళ్తున్నది. నేను చుక్క పగిలిందంటే మీరు ఊఁ అన్నందుకు."

దానికి జవాబు ఎదురుగా చెప్పేవాణ్ణి కాను. నా సంగతి నీకు తెలుసు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. అతనికి పని వచ్చు. నాకన్నా బాగా వచ్చు. నలభై ఏళ్లలో ఎవరి గురించీ ఈ మాట అనలేదు. ఇక మీదట అతను మూసిన బానెట్ అతను పిలిస్తే తప్ప నేను ఎత్తను. నిన్న టీచరమ్మ తన చెల్లెలి కారు పంపింది. "అల్లుడుగారే చూడాలి, పెద్దాయన ముట్టుకోవద్దు" అని చీటీ కూడా పెట్టింది. మీ ఆయన చదివి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నుంచీ ఆ కారు కిందే ఉన్నాడు. ఒకటో తారీకుకి ఇంకా ఐదు రోజులుంది. ఉంటాడనే నా ధైర్యం.

ఈ కవరు అంటించడం లేదు. పోస్టులో వెయ్యమని అతని చేతికే ఇస్తున్నాను. చదివాక అతనే అంటిస్తాడు.

నువ్వు మాత్రం ఆలస్యం చెయ్యకుండా జవాబు రాయి. ముందు అతనికి, తర్వాత నాకు.

ఇట్లు,
మీ నాన్న