ఇద్దరి మర

1848 సెప్టెంబర్ 10

నా రాత బాగోదు. తప్పులుంటాయి. పంతులు దగ్గర రెండు చలికాలాలు కూర్చున్నాను, అంతే నా చదువు. ఎండాకాలాలు గొర్రెల వెంట పోయాయి. ఇది ఎవరూ చదవరు. మరి ఎవరికి క్షమించమని చెబుతున్నానో. అయినా చెప్పడం మర్యాద.

మాట్లాడే మనిషి లేక రాస్తున్నాను. రాదివోయ్ పొద్దున వెళ్ళిపోయాడు. ఈ పిండిమర మా ఇద్దరిదీ. తిసా నది నడుమ లంగరేసిన పెద్ద పడవ మీద ఉంటుంది. నీళ్ళు చక్రాన్ని తిప్పుతాయి, చక్రం రాళ్ళని తిప్పుతుంది. సగం అతనిది, సగం నాది. అతను సెర్బు, నేను హంగేరీవాణ్ణి. ముప్ఫై ఏళ్ళలో ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఈ ఏడు పెస్ట్ నగరంలో విప్లవం వచ్చింది. మనుషులంతా సమానం అన్నారు, నాకు నచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి అందరూ నువ్వెవరివాడివి అని అడగడం మొదలుపెట్టారు. ఆ వెంటనే మాకూ సెర్బులకూ యుద్ధం.

అతని కూతురు సావ్కా దిగువన అవతలి ఒడ్డున ఉంటుంది. వాళ్ళ ఊరు సగం మనవాళ్ళు తగలబెట్టారు. కూతుర్నీ పిల్లల్నీ పడవల వంతెన మీదుగా ఇవతలికి తెచ్చి, వాళ్ళ గుడి ఉన్న ఊళ్ళో తన అన్న ఇంట్లో దింపుతానన్నాడు. మరని ఆపకురోయ్ వెండెల్, ఆగితే తుప్పు పడుతుంది, నీ నోరు పట్టినట్టు అన్నాడు.

 నా వంతు మాటలు కూడా ఎప్పుడూ అతనే మాట్లాడతాడు. తెప్పలు అడ్డం వస్తే కేకేసేది అతను. నేను గంట కొడతాను.

సెప్టెంబర్ 24

స్టీమర్ పోయింది. అది లేపిన అలకి చక్రం రేకు ఒకటి విరిగింది. రాదివోయ్ ఉంటే దాని పొగగొట్టాన్నీ దాని తల్లినీ కలిపి తిట్టేవాడు. నేను రేకు మార్చాను.

పట్నంలో ఆవిరి మర పెట్టారు. అది గాలికీ నీళ్ళకీ ఎదురు చూడదట. ఈ వారం ముగ్గురే వచ్చారు. ఒకాయన రేవు దాకా వచ్చి, సెర్బువాడి చెయ్యి తగిలిన పిండి నాకొద్దని బస్తా వెనక్కి తీసుకుపోయాడు. పోయిన ఏడు ఆయన పిల్ల పెళ్ళికి రొట్టెల పిండి రాదివోయే పట్టి ఇచ్చాడు.

అక్టోబర్ 8

కెప్టెన్ గెదియోన్ వచ్చాడు. కరణంగారి అబ్బాయి. చిన్నప్పుడు మా పిండిగుట్టలో దొర్లి తల్లి చేత తిట్లు తినేవాడు. ఇప్పుడు నడుముకి కత్తి.

పెద్దాయనా, దేశానికి నీ మర కావాలి అన్నాడు. దానినిండా రాళ్ళు నింపి, లంగరు కోసి, నీటివాలుకి వదులుతారట. అది పోయి దిగువన ఉన్న సెర్బుల పడవల వంతెనని గుద్దుతుందట. సగం రాదివోయ్‌ది కదా అన్నాను. వాడి సగం జప్తు, నీ సగం విరాళం అన్నాడు. వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. బాధపడకు, ఆవిరి మర వచ్చాక ఎలాగూ దీన్ని పొయ్యిలో పెట్టుకునేవాడివి అన్నాడు.

ఎప్పుడు అని అడిగాను. ఇరవై ఆరో తారీకున అన్నాడు. పోతూ మా చిన్న పడవ తీసుకుపోయారు. గంట నాలుక కూడా ఊడదీశారు, ఇనుము కావాలట. రేవులో కాపలా పెట్టారు.

అక్టోబర్ 12

చేపలమ్మే ఓర్షె వచ్చింది. దిగువ నుంచి వస్తోంది. నీ మాటకారి కనిపించాడు తాతా అంది. సావ్కాకి జ్వరం వచ్చి ఆగిపోయారట, ఇప్పుడు తగ్గిందట. దిమిత్రి పండగ పొద్దున వంతెన దాటతామని చెప్పమన్నాడట. వాళ్ళ గుడి ఆ పునీతుడు దిమిత్రి పేరు మీదే. ఆ రోజు అవతలి ఊరి ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ బండ్లు కట్టుకుని దాటతారు, ఆ గుంపులో వీళ్ళూ వస్తారు.

దిమిత్రి పండగ ఇరవై ఆరునే.

ఆ రోజు వంతెన దాటొద్దని అతనికి కబురు చేర్చమని ఓర్షెని బతిమాలాను. ఇక నన్ను దిగువకి వదలరు తాతా, ఇవాళ్టితో సరి అని కాపలావాళ్ళు అన్నారు అంది. ఏడ్చింది కూడా.

అక్టోబర్ 14

కాపలావాళ్ళ పడవలో ఒడ్డుకి పోయి కెప్టెన్ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. పడవ అడుగు కారుతోంది, ఇప్పుడు రాళ్ళు నింపితే సగం దారిలో మునుగుతుంది, తారు పూయడానికి గడువు ఇవ్వమన్నాను. కొంచెం కారుతున్న మాట నిజమే. అంత కాదు.

ఆయన నన్ను చూశాడు. నువ్వు ఇన్ని మాటలు మాట్లాడావంటే నిజంగానే కారుతున్నట్టుంది అన్నాడు. ఇరవై ఆరు దాటేదాకా గడువు ఇచ్చాడు.

అక్టోబర్ 26

దిమిత్రి పండగ. దిగువ నుంచి ఏ చప్పుడూ లేదు. రాదివోయ్ దాటి ఉంటాడు. రేగుపళ్ళ సారా రెండు గ్లాసులు పోసి రెండూ నేనే తాగాను.

నవంబర్ 2

రాళ్ళు ఎక్కిస్తున్నారు. పగిలిన సమాధి రాళ్ళు కూడా తెచ్చారు. మీద సెర్బు అక్షరాలున్నాయి. పడవ బాగా కిందికి దిగింది. ఎలకలు లేవు. ఎప్పుడు పోయాయో చూడలేదు.

నవంబర్ 6, సాయంత్రం

తొందరగా రాస్తున్నాను. రాత ఇంకా పాడవుతుంది.

కెప్టెన్ వచ్చాడు. రేపు వేకువనే అన్నాడు. మంచి రోజు చూశాను పెద్దాయనా, రేపు వాళ్ళకి పండగ, వంతెన కాపలావాళ్ళు తాగి పడుంటారు అన్నాడు. ఏం పండగ అన్నాను. దిమిత్రి అన్నాడు. అది అయిపోయింది కదా అన్నాను. మనకి అయిపోయింది, వాళ్ళకి రేపు అని నవ్వాడు.

వాళ్ళ పంచాంగం మనకన్నా పన్నెండు రోజులు వెనక. నాకు తెలియదా. ముప్ఫై ఏళ్ళుగా ఈ మర మీద రెండు క్రిస్మస్‌లు చేసుకున్నాం. మీ దేవుడికి పెందరాళే మెలకువ, మా దేవుడు కాస్త పడుకుంటాడు అనేవాడు రాదివోయ్. కానీ ఇక్కడ నాతో ఉన్నప్పుడు అన్నీ మా లెక్కలోనే చెప్పేవాడు. నాకు అదే అలవాటు. ఇప్పుడు తన ఊరి నుంచి, తన లెక్కలో చెప్పి పంపాడు. నేను నా లెక్కలో విన్నాను.

మొదట అనుకున్న తారీకుకే మరని వదిలి ఉంటే వంతెన మీద కాపలావాళ్ళు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. గడువు అడిగింది నేనే.

వంతెన మీద ఆడవాళ్ళుంటారు, పిల్లలుంటారు అన్నాను. గట్టిగానే అన్నాననుకున్నాను. ఏమిటీ అన్నాడు. మళ్ళీ చెప్పాను. పెద్దాయనా, ఊరు తగలబడ్డప్పుడు మాత్రం ఎవరున్నారో చూసి తగలబెట్టామా అన్నాడు. తర్వాత నా ముఖం చూడలేదు.

అప్పుడు ఒకటి చెప్పాను. నది వంపు దగ్గర ఇసుక మేట ఉంది, చుక్కాని పట్టేవాడు లేకపోతే మర అక్కడే కూరుకుంటుంది, నేను పడతాను, మేట దాటించి దూకేస్తాను అన్నాను. నా భుజం తట్టాడు. దేశభక్తుడివి అన్నాడు.

మేట ఉన్న మాట నిజం. దాన్ని దాటించను. మరని దాని మీదికే ఎక్కిస్తాను.

కానీ ఆ చుక్కాని ఇద్దరు పట్టేది. ఎప్పుడూ అటు అతను, ఇటు నేను. ఇంత బరువుతో ఎప్పుడూ తిప్పలేదు.

నవంబర్ 7

లంగరు కోశారు. పొగమంచు. ఒడ్డు కనబడటం లేదు.

నీళ్ళతో పాటే పోతుంటే చక్రం తిరగదు. నాకు తెలియదు ఇది. మర ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఎప్పుడూ వినలేదు. వంతెన మీదివాళ్ళకి దగ్గరికొచ్చేదాకా వినబడదు.

వంపు వచ్చింది. రెండు చేతులూ, ఛాతీ పెట్టి నెట్టాను. కొంచెం తిరిగింది. అడుగు ఇసుకని రాసుకుంది. ఆగుతుందనుకున్నాను. రాసుకుని, పోయింది.

ఎక్కడో ముందు బండ్ల చప్పుడు. పాడుతున్నారు.

గంటకి నాలుక లేదు. ఇప్పుడు నేనే అరవాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీ పేరుతో మొదలుపెడతాను. రాదివోయ్, వినబడితే తొందరగా పలుకు.