టికెట్ లేని కంబళి రాజు

దేవరకొండ,
ఫిబ్రవరి 2018

ఆత్మకూర్‌లో ఉన్న బాలకిష్టయ్య బావకు నర్సింహ దండం పెట్టి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. ఫోన్‌లో నీకు సగమే వినబడుతుంది, మిగతా సగం మా అక్క కల్పించి చెబుతుంది. అందుకే ఉత్తరం.

మన కంబళి రాజు భాగోతం ఇప్పుడు ఫంక్షన్ హాల్లోకి పోయింది. మనిషికి మూడు వందలు. చిన్నప్పటి నుంచి బజార్లో కూర్చొని చూసిన ఆటకు టికెట్ ఏందని నేను కొనలేదు. మద్దెల వాయించేవాడికి మేనమామనని గేటు దగ్గర చెప్పాను. గేటు మనిషి లోపలికి పోయి ఆ మద్దెలాయననే పిలుచుకొచ్చాడు. అతను నన్ను కిందికీ మీదికీ చూసి, "మా అమ్మకు అన్నదమ్ములే లేరు తాతా" అన్నాడు. హాలు వెనక గోడకు ఆనుకొని కూర్చున్నాను. తెల్లవార్లూ జనరేటర్ తప్ప ఏమీ వినబడలేదు.

నా కుడికంట్లో శుక్లం వచ్చింది. ఎడమది కూడా మొదలైందట. ఆపరేషన్ అంటే నాకు భయం. రాజు కంబళి అమ్ముకునే ఘట్టం ఇంకొక్కసారి చూస్తే, తర్వాత కండ్లు ఏమైనా ఫికర్ లేదు.

ఇట్లు, నీ బామ్మర్ది
నర్సింహ

తా.క. మా ఊరి పటేల్ చనిపోతే కొడుకులు పెద్దదినం నాడు ఇదే ఆట కట్టించారు. ఊరంతా ఉచితంగా చూసింది. నేను ఆ రోజు మక్తల్‌లో పెండ్లికి పోయాను. అది సరే, నీ దగ్గు ఎట్లున్నది?

*

ఆత్మకూర్

బామ్మర్ది నర్సింహకు బాలకిష్టయ్య దీవించి రాసేది. మనం చుట్టాలమైన నాటి నుంచి నువ్వు నా ఒంటి సంగతి అడగడం ఇదే మొదటిసారి. మీ అక్కకు చదివి వినిపిస్తే కండ్లు తుడుచుకున్నది. దగ్గు తగ్గింది.

టికెట్ బాధ ఇక్కడ రెండేండ్ల నుంచి ఉన్నది. నేను బుట్ట మీద బట్ట కప్పి, పూలదండలు తెచ్చానని చెప్పి లోపలికి పోయాను. దండ తెమ్మని మైకులో పిలిచారు. బుట్టలో మీ అక్క తెమ్మన్న వంకాయలు ఉన్నాయి.

ఇట్లు, నీ బావ
బాలకిష్టయ్య

తా.క. పోయిన ఏడాది నీకు వచ్చిన ఆయాసం మళ్లీ వస్తున్నదా? దాచకుండా రాయి.

*

దేవరకొండ

బావకు నర్సింహ దండాలు. ఆయాసం లేదు. నీ దగ్గు తగ్గిందని మాత్రం తొందరపడి అనుకోవద్దు. మన వయసులో తగ్గినట్టే తగ్గి మీదికి వస్తుంది.

నీ కొడుకు విజేందర్ బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు, ఖర్చుకు వెనకాడే పిల్లవాడు కాదు. నీ తర్వాత ఏమేం చేయాలో ఇప్పుడే చెప్పి పెట్టు. నీకు భాగోతం ఇష్టమని అతనికి తెలుసా?

ఇట్లు, నీ మేలు కోరే
నర్సింహ

తా.క. మీ వాకిట్లో ఎంతమంది కూర్చోవచ్చు?

*

మహబూబ్‌నగర్, దవాఖాన నుంచి

నర్సింహకు రాసేది. నీ ఉత్తరం విజేందర్ చదివాడు. "మామకు ఏదో తెల్సింది, నువ్వే దాస్తున్నవు" అని నన్ను తెచ్చి ఇక్కడ పండబెట్టాడు. సీసాలు ఎక్కిస్తున్నారు. చూడాలని ఉంటే రా.

నీ బావ
బాలకిష్టయ్య

తా.క. వాకిట్లో ఊరు ఊరంతా పడుతుంది. ఎందుకు అడిగావు?

*

దేవరకొండ

బావకు దండాలు. నిన్ను చూసి ఇల్లు చేరాను. నేను వచ్చేసరికి నువ్వు మంచంలో కూర్చొని ఇడ్లీలు తింటున్నావు. సంతోషం.

నా చంకలో చాప, కంబళి, వేయించిన పల్లీలు చూసి విజేందర్ నా చేయి పట్టుకున్నాడు. "రాత్రంత నాయిన పక్కన్నే పండేటందుకు అన్నీ తెచ్చుకున్నవా మామా" అన్నాడు. కాదనలేకపోయాను. నిన్ను ఇంటికి పంపేదాకా వరండాలో గచ్చు మీద పడుకున్నాను. పల్లీలు నర్సులు తిన్నారు. అక్క నన్ను దేవుడన్నది.

ఇట్లు,
నర్సింహ

తా.క. నీ పక్క మంచం ముసలాయనది ఏ ఊరు?

*

ఆత్మకూర్

బామ్మర్దికి దీవెనలు. చాప చూడగానే నాకు అర్థమైంది. పోయిన ఏడాది నీకు ఆయాసం వచ్చినప్పుడు నేను మీ ఇంటికి ఒక సంచి తెచ్చాను. అందులో ఏమున్నదని నువ్వు అడగలేదు. చాప, కంబళి, పల్లీలు.

ఇట్లయితే ఎప్పటికైనా మనిద్దరిలో ఒక్కడే చూస్తాడు. అందుకని నేను దవాఖాన నుంచి మంచిగా వచ్చినందుకు ఆట కట్టించమని విజేందర్‌ను అడిగాను, సరేనన్నాడు. మీ ఊళ్లో ఆడిన మేళం పెద్ద దగ్గరికి నేనే పోయాను. ఉగాది దాకా అన్నీ టికెట్ ఆటలే, తేదీ లేదన్నాడు. "సావు ఇల్లయితె చెప్పు, కాదనం. మా తాతల కాడికెంచి గదే కట్టుబాటు" అన్నాడు.

చచ్చింది నేనే అందామంటే అతని ఎదురుగానే నిలబడి ఉన్నాను. అందుకని నీ పేరు చెప్పాను.

వచ్చే శనివారం మా వాకిట్లో ఆట. మొదటి పాటలో నీ పేరు, మీ నాయిన పేరు, నీ గుణాలు పాడతారు. ఏం గుణాలని అడిగితే, టికెట్ కొనకుండా ఏ ఆటా చూడనివాడివని చెప్పాను. చాప తెచ్చుకో. మద్దెలాయన నీ ముఖం మరిచిపోలేదు, ఆ పాట అయిపోయేదాకా కంబళి ముసుగు తీయకు. విజేందర్‌కు ఈ సంగతి తెలియదు.

ఇట్లు, నీ బావ
బాలకిష్టయ్య

తా.క. పాట నడిచేటప్పుడు ఇంటి ఆడబిడ్డ ఏడవకపోతే మేళంవాళ్లకు అనుమానం వస్తుంది. మీ అక్కను అడిగాను. మీ అమ్మ ఆమెకు ఇచ్చిన ఇత్తడి బిందె ఇన్నేండ్లుగా నీ దగ్గరే ఉన్నదట. "అది తెస్తె ఏడుస్త, తేకపోతె నవ్వుత" అన్నది.