ఎర్రబోరు సముద్రతీరం

ఎర్రబోరు, కోంటా బ్లాకు,
సుక్మా జిల్లా, ఛత్తీస్‌గఢ్.
జనవరి 8

సాగరరేఖ చమురు సంస్థలో ఫిర్యాదులు చదివే పెద్దమనిషి గారికి, ఎండుచేపల తిరుపతమ్మ దండాలు పెట్టి రాసేది.

మేము క్షేమం. మీరూ క్షేమమేనని నమ్ముతున్నాను, ఎందుకంటే నష్టమంతా వేరేవాళ్ళకు జరిగింది.

పద్దెనిమిదేళ్ళుగా మా వారం సంతలో ఎండుచేపలు అమ్ముతున్నాను. ఇక్కడ వాటిని సుక్సీ అంటారు. మీ కాకినాడ అవతల ఉప్పుమెరక నుంచి రామతులసి వదిన ఆరబెట్టి పంపిస్తుంది. చుట్టరికం ఏమీ లేదు. ఫోనులో మాట్లాడీ మాట్లాడీ వదినలమైపోయాం. ఒకరి ముఖం ఒకరం చూడలేదు.

డిసెంబరులో సముద్రం లోపల మీ గొట్టం పగిలింది. అప్పటి నుంచి వాళ్ళ పడవలు ఒడ్డునే ఉన్నాయి. "వల యేత్తే తారు లేత్తంది వదినా" అని ఆమె ఫోనులో ఏడ్చింది. మీ వాళ్ళు వచ్చి 'ఈ తీరం శుభ్రపరచబడుతున్నది' అని బోర్డు పాతి వెళ్ళిపోయారట. ఇప్పుడు ఆ బోర్డుకు కూడా తారు అంటిందట. మీ నంబరుకు నలభై సార్లు ఫోను చేస్తే ఎవరో అమ్మాయి 'మీ కాల్ మాకెంతో ముఖ్యం' అని చెప్పి పాట వేస్తుందట. ఆ పాట వదినకు కంఠతా వచ్చేసింది.

నా దగ్గర మిగిలిన ఆఖరి గంప గొట్టం పగిలాక వచ్చినది. పోయిన సంతలో మా ఊరి జోగ దాన్ని వాసన చూసి, "ఏంది పెద్దమ్మా, ఇది వండితే పొయ్యి దానంతటదే మండేటట్టున్నది" అని తిరిగి పెట్టేశాడు.

తీరం వాళ్ళు చెబితే మీకు వినబడటం లేదు. హోరు అడ్డమేమో. మా అడవి వైపు నిశ్శబ్దంగా ఉంటుంది, ఇక్కడి నుంచి చెబితే వినబడుతుందేమోనని రాస్తున్నాను. ఉప్పుమెరకకు మనుషుల్ని, సామాన్లను పంపండి.

ఇట్లు, ముక్కు మూసుకుని,
తిరుపతమ్మ

మళ్ళీ రాయునది: ఒక సావిడాయి చేపను కాగితంలో చుట్టి పంపుతున్నాను. అగ్గిపెట్టెకు దూరంగా విప్పండి.


సాగరరేఖ చమురు సంస్థ,
ప్రజా ఫిర్యాదుల విభాగం, కాకినాడ.
జనవరి 20

సూచిక: మీ ఉత్తరం మరియు చేప.

శ్రీమతి తిరుపతమ్మ గారికి,

మీ ఫిర్యాదు అందినది. ఎర్రబోరును ప్రభావిత గ్రామాల జాబితాలో చేర్చుటకు జతచేసిన ఫారమును పూర్తిచేసి పంపవలెను. ఒక్క గడి కూడా ఖాళీగా వదలరాదు. ఖాళీ గడులున్న ఫారము తిరస్కరించబడును.

భవదీయుడు,
చక్రధరరావు,
విభాగాధికారి

గమనిక: చేపను 'సాక్ష్యాధారము' కింద ఫైలులో ఉంచడమైనది. ఫైలు ప్రస్తుతం కిటికీ బయట ఉన్నది.


ఎర్రబోరు,
జనవరి 29

చక్రధరరావు గారికి,

పేరు తెలిసింది కాబట్టి పేరు పెట్టి రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నేను ఉప్పుమెరక గురించి చెబితే మీరు ఎర్రబోరుకు ఫారం పంపారు. అయినా గడి ఖాళీగా ఉండకూడదన్నారని నేనూ మా ఆయన రామనర్సయ్యా రెండు రోజులు కూర్చుని నింపాం. సరిగ్గా అర్థం కావాలని ఇక్కడ కూడా రాస్తున్నాను.

పడవ నంబరు అన్న చోట మా ఆయన బండి నంబరు రాశాం. మాకు పడవ లేదు. ఇంజను తొంభై ఏడు సీసీ. వానాకాలం వాగులో దిగితే అదీ పడవలాగే పోతుంది.

ఏ చేప పడతారు అన్న చోట 'ఎండు చేప' అని రాశాం.

సముద్రం నుంచి దూరం అన్న గడి మరీ చిన్నది. అందులో ఎనిమిది అని రాసి, పక్కన చోటు లేక కాగితం వెనక 'గంటలు, బస్సులో, రెండుచోట్ల మారాలి' అని రాశాం. దయచేసి కాగితం తిప్పి చూడండి.

అల ఇంట్లోకి ఎన్నిసార్లు వచ్చింది అని అడిగారు. ఒక్కసారీ రాలేదు. నేను పుట్టి యాభై రెండేళ్ళు, సముద్రాన్నే చూడలేదు. మా ఆయన మాత్రం "రాలేదని రాస్తే కోపమొస్తదేమో, ఇంకా రాలేదని రాయి" అన్నాడు. అలాగే రాశాను.

ఇట్లు, గడులన్నీ నింపిన
తిరుపతమ్మ

మళ్ళీ రాయునది: ఉప్పుమెరక వాళ్ళు మీ ఆఫీసు గేటు ముందు తారు వలలు పరుచుకుని కూర్చున్నారట. లోపలికి వెళ్ళేటప్పుడు చూసి అడుగేయండి, చెప్పులకు అంటుకుంటుంది. మా వదిన ఆకుపచ్చ చీరలో ఉంటుంది.


కాకినాడ,
ఫిబ్రవరి 8

శ్రీమతి తిరుపతమ్మ గారికి,

ఫారము పరిశీలించడమైనది. ఎర్రబోరు గ్రామం సముద్రానికి 8 (ఎనిమిది) మీటర్ల దూరంలో ఉన్నందున 'అతి తీవ్ర ప్రభావిత' శ్రేణిలో మొదటి స్థానంలో చేర్చడమైనది. అల 'ఇంకా' రాలేదని మీరు తెలిపిన విషయం పైఅధికారులను ఆందోళనకు గురిచేసినది.

శుభ్రపరిచే సామగ్రి లారీలో బయలుదేరినది. నూనెను అడ్డుకునే తేలే గొట్టములు, నూనె పీల్చే దిండ్లు నాలుగు వేలు, రబ్బరు బూట్లు రెండు వందల జతలు అందినట్లు సంతకం చేయవలెను.

భవదీయుడు,
చక్రధరరావు

గమనిక: మీ పడవ ఇంజను చాలా చిన్నది. ఒడ్డు దాటి దూరం వెళ్ళవద్దని సలహా.


ఎర్రబోరు,
ఫిబ్రవరి 17

చక్రధరరావు గారికి,

మీరు కాగితం తిప్పలేదు.

లారీ నిన్న వచ్చింది. పోలీసు క్యాంపు దగ్గర జవాన్లు ఆపి, కాగితాలు చదివి, "ఇధర్ సముందర్ కహాఁ హై?" అని, ఇటు సముద్రం ఎక్కడుందని అడిగారట. డ్రైవరు 'ఎనిమిది మీటర్లు' అని ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు. ఒక జవాను రోడ్డుకు రెండు పక్కలా చాలాసేపు చూసి, చివరికి వదిలేశాడు.

దించిన సరుకు మా ఇల్లు నిండి, మా పక్కన కోసే అనే ఆమె ఇల్లు నిండి, మిగిలింది ఎదురింటి లక్మా పశువుల పాకలో ఉంది. అడవికి కట్టెలకు పోతే పాము భయముండదని కోసే బూట్లు అడిగింది. అవి ఉప్పుమెరకవని ఇవ్వలేదు. తేలే గొట్టాల మీద లక్మా మిరపకాయలు ఆరబెట్టాడు. అతని భార్య లక్మే ఇప్పనూనె కుండ పక్కన ఒక దిండు పెట్టుకుని పడుకుంది. కుండ ఒరిగింది. లేచి చూస్తే నేల మీద చుక్క లేదు, అంతా దిండు తాగేసింది. ఆమె ఏడ్చుకుంటూ పిండితే కుండెడు నూనె మళ్ళీ వచ్చింది. కాబట్టి సామాను మంచిదే. ఆ మాట ఒప్పుకుంటాను.

అందుకే మరీ బాధగా ఉంది సార్. పనికొచ్చే సామాను పనిలేని చోట ఉంది. వదిన నిన్న ఫోను చేసింది. వాళ్ళకు మీరిచ్చినవి నాలుగు బకెట్లట, అందులో ఒకదానికి అడుగు లేదట. ఆమె భర్త గవర్రాజన్నయ్య ఒట్టి చేతులతో తారు ఎత్తుతుంటే చేతులు పొక్కాయట. "నీకేటి వదినా, మీ ఊరికి లారీ వచ్చిందంట గదా" అంది. ఆ మాటలో దెప్పు ఉందో లేదో నాకు తెలియలేదు. రాత్రి అన్నం సహించలేదు. నా ఉత్తరం వల్ల ఆమెకు రావలసింది నాకొచ్చింది.

ఈ సరుకు ఉప్పుమెరకకు పంపడానికి అనుమతి ఇవ్వండి. ఒక్క ముక్క రాస్తే చాలు.

ఇట్లు, దిండ్ల మధ్య కూర్చున్న
తిరుపతమ్మ

మళ్ళీ రాయునది: జవాన్లలో ఒకతను కేరళవాడు. సముద్రం వస్తే తనకు కబురు చేయమన్నాడు.


కాకినాడ,
ఫిబ్రవరి 26

శ్రీమతి తిరుపతమ్మ గారికి,

ఒక గ్రామమునకు మంజూరైన సామగ్రిని మరొక గ్రామమునకు బదిలీ చేయుటకు నిబంధనలు అంగీకరించవు. మీ అభ్యర్థన తిరస్కరించడమైనది.

అయితే పదమూడవ నిబంధన ప్రకారం, అలల ఉధృతి పెరిగినట్లు గ్రామస్థులు భావించినచో, సామగ్రిని తమకు తోచిన సురక్షిత ప్రాంతమునకు తరలించుకొనవచ్చును. అందుకు ముందస్తు అనుమతి అవసరం లేదు. అచ్చట దానిని వాడుటకు కూడా అభ్యంతరం లేదు.

భవదీయుడు,
చక్రధరరావు

గమనిక: ఉధృతిని కొలిచి చూపవలెనని నిబంధనలో ఎచ్చటా లేదు. భావించినచో చాలును.


ఎర్రబోరు,
మార్చి 12

చక్రధరరావు గారికి,

మీ ఉత్తరం పైసగం చదివి చింపేయబోయాను. మా ఆయన చేయి పట్టుకుని, "ఆగు, కింద ఏదో ఉంది, మళ్ళా చదువు" అన్నాడు. పదమూడో నిబంధన మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత ఊరిని పిలిచి, అలలు పెరిగినట్టు భావిస్తున్నారా అని అడిగాడు. అందరూ భావించారు. జోగ అందరికంటే గట్టిగా భావించి, ముందుగా తనే మోయడం మొదలుపెట్టాడు.

నాకు చేపలు తెచ్చే హరిబాబు వ్యాను ఖాళీగానే ఉంది. రెండు విడతల్లో అంతా దాటించాం. రెండో విడతలో నేనూ, మా ఆయనా, జోగా, కోసే ఎక్కాం. కోసే బూట్లు వేసుకునే కూర్చుంది. ఈసారి నేను విప్పమనలేదు.

మారేడుమిల్లి ఘాటులో నాకు వాంతులయ్యాయి, అది వదిలేయండి. తెల్లవారాక ఉప్పుమెరకలో దిగాం. సముద్రాన్ని చూడటం నాకు అదే మొదలు. పెద్దదే. ఫోనులో వదిన వెనక వినబడే చప్పుడు ఇదేనా అనుకున్నాను, నేను ఇన్నాళ్ళూ ఫ్యాను అనుకునేదాన్ని. కానీ ఒడ్డు పొడవునా నల్లగా, తారు రోడ్డు కరిగినట్టుంది. అందులో ఆకుపచ్చ చీర కట్టుకుని ఒకామె వంగి రేకుతో గీకుతోంది. పక్కకు వెళ్ళి గీకడం మొదలుపెట్టాను. ఆమె తల తిప్పి చూసి, "ఏ ఊరమ్మా మీది?" అంది. నేను గొంతు విప్పగానే గుర్తుపట్టింది. తర్వాత మేమిద్దరం ఏమన్నామో రాయను. నా జాకెట్టుకు ఆమె చేతుల తారు ఇంకా వదలలేదు.

నాలుగు రోజులు పని చేశాం. ఊరు ఊరంతా దిగింది. గొట్టాలను ఎలా కట్టాలో గవర్రాజన్నయ్య చూసీ చూడగానే పట్టేశాడు. దిండ్లు పరచడం, పిండడం కోసే నేర్పింది. ఆమె కోయ మాట వాళ్ళకు రాదు, వాళ్ళ మాట ఆమెకు రాదు. అయినా రెండో రోజుకు అందరినీ తిడుతోంది.

మీ ఆఫీసుకు కూడా వచ్చాను సార్. నాలుగు మాటలు అడుగుదామని. మీరు మీటింగులో ఉన్నారన్నారు. గేటు దగ్గర ఎండలో రెండు గంటలు నిలబడి వచ్చేశాను. కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. నేను రాసింది ఒక్కసారైనా సరిగ్గా చదివారా? ఎనిమిది గంటలని రాస్తే ఎనిమిది మీటర్లు ఎలా అయింది? అడవిలో ఉన్న నాకు ఆ ఒడ్డు కష్టం కనబడింది, ఆ పక్కనే ఉన్న మీకు కనబడలేదా? చదువుకున్నవారు. నాకు కోపం కంటే జాలిగా ఉంది.

ఇట్లు,
తిరుపతమ్మ

మళ్ళీ రాయునది: మీ బోర్డుకు అంటిన తారు కూడా తుడిచాం. ఇప్పుడు దాని మీద రాసింది నిజమే.


కాకినాడ,
మార్చి 22

తిరుపతమ్మ గారికి, చక్రధరరావు నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇంటి నుంచి రాస్తున్నాను, అందుకే దీనికి సూచిక లేదు. ఆఫీసులో రాసే ప్రతి ఉత్తరానికీ నకలు పైకి వెళుతుంది. ఇది వెళ్ళదు.

మీ ఫారం రాగానే కాగితం తిప్పి చూశాను. గంటలు, బస్సులో, రెండుచోట్ల మారాలి. చదివాను. చదివిన తర్వాతే మీటర్లు అని రాశాను.

మా గోడౌన్ నిండా సామాను ఉంది. తీరంలోని ఏ ఊరికి ఇవ్వాలన్నా మూడు శాఖలవాళ్ళు కలిసి సర్వే చేయాలి. డిసెంబరు నుంచి ఆ ముగ్గురూ ఒకే రోజు సెలవులో లేకుండా దొరకలేదు. నేను పన్నెండు సార్లు రాశాను. పన్నెండు సార్లూ 'పరిశీలనలో ఉన్నది' అని వచ్చింది. రోజూ మీ వదిన గారి వలలు దాటుకుంటూ లోపలికి వెళ్ళాను. ఆమె ముఖం చూడలేక తల వంచుకుని వెళ్ళేవాణ్ణి. మీరు వచ్చిన రోజు మీటింగు ఏమీ లేదు. కిటికీలోంచి చూశాను, దిగి రావడానికి ధైర్యం చాలలేదు.

ఒక్క దారి మాత్రం తెరిచి ఉంది. వేరే రాష్ట్రంలోని ఊరైతే ఆ ముగ్గురి సర్వే అక్కరలేదు, నా సంతకం చాలు. ఆ నిబంధన ఎవరు ఎందుకు పెట్టారో తెలియదు, ఇన్నేళ్ళలో ఎవరికీ పనికి రాలేదు. అప్పుడు ఛత్తీస్‌గఢ్ ముద్రతో మీ ఉత్తరం వచ్చింది. ముఖం చూడని మనిషి కోసం చేప చుట్టి పంపిన ఆమె, లారీ దిగాక ఊరికే కూర్చోదని నమ్మాను. నమ్మకం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. పదమూడో నిబంధన మీరు చివరిదాకా చదవరేమోనని మాత్రం భయపడ్డాను. రామనర్సయ్య గారికి నా కృతజ్ఞతలు చెప్పండి.

మొన్న సోమవారం ఉప్పుమెరక పడవలు నీళ్ళలోకి దిగాయి. ఒడ్డున నిలబడి చూశాను. ఈసారి తల వంచుకోలేదు. మీ వదిన గారు నన్ను గుర్తుపట్టి, తిడతారనుకుంటే, మంచినీళ్ళు ఇచ్చారు.

ఇప్పుడు అసలు విషయం. అతి తీవ్ర ప్రభావిత గ్రామమైన ఎర్రబోరు ఎలా ఉందో చూసి రమ్మని పైనుంచి ఆదేశం వచ్చింది. అడవిలో ఎనిమిది గంటల ప్రయాణం అనేసరికి అందరికీ సెలవులు గుర్తొచ్చాయి. చివరికి నన్నే నియమించారు. వచ్చే వారం సంత నాటికి మీ ఊళ్ళో ఉంటాను. వదిన గారు పంపుతున్న కొత్త గంప నా ఒళ్ళోనే ఉంటుంది. నా నివేదికలో అబద్ధం ఒక్క అక్షరం ఉండదు. 'ఎర్రబోరు అంతా కాలినడకన తిరిగి చూశాను. ఎక్కడా ఒక్క చుక్క చమురు కనబడలేదు' అని రాస్తాను.

మీరు పడిన జాలికి తగినవాణ్ణి కావాలని ఆశపడుతూ,
చక్రధరరావు

మళ్ళీ రాయునది: నివేదికకు తీరం ఫొటో ఒకటి జతచేయాలట. కోంటా దగ్గర శబరి నది ఒడ్డున, అవతలి ఒడ్డు కనబడకుండా ఫొటో తీయగలవాళ్ళు మీ వైపు ఎవరైనా ఉన్నారా?