ఎర్ర లైటు కింద మూడు కప్పులు

మా వారికి,

మీ ఇల్లాలు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా అని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను, నమ్మాలో లేదో చివరిదాకా చదివి మీరే చెప్పండి. అక్కడ మీరు, కాలు విరిగిన అమ్మాయి, మనవరాలు బాగున్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబు. కుళాయి కారడం ఆగింది. బీపీ మాత్ర మానలేదు. తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటున్నాను, పడుకున్నాక లేచి మూడోసారి కూడా. అమ్మాయి కాలివేళ్ళు నీలంగా అవుతున్నాయేమో రోజూ చూడండి. మనవరాలిని రోడ్డు దాటించేటప్పుడు వేలు కాదు, మణికట్టు పట్టుకోండి. అప్పటి జ్వరం పూర్తిగా తగ్గిందా అన్నారు. తగ్గింది. అసలు సంగతి అదే. ఫోనులో చెబుదామంటే పక్కన అమ్మాయి వింటుంది.

ఆ జ్వరం పోతూ పోతూ నా ముక్కును పట్టుకుపోయింది. రెండు నెలలైంది. నాలుకకు ఉప్పు, తీపి లీలగా అందుతున్నాయి. వాసన మాత్రం అణువంత లేదు. ఫ్యాక్టరీలో పాలపొడి రుచి చెప్పి ఇరవై రెండేళ్ళుగా జీతం తీసుకుంటున్నదాన్ని, ఎవరితో చెప్పుకోను? తీసేస్తే ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? అందుకని గుట్టుగా నెట్టుకొచ్చాను. పొడి పాతబడితే రంగు పసుపు తిరుగుతుంది కదా, అది చూసేదాన్ని. అంతుపట్టకపోతే రుచి చూసే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళ మొహాలు చూసేదాన్ని. మూతి ముడిస్తే బాగాలేదన్నట్టు.

ఇప్పుడు ఆ బల్ల తీసేశారు. దాని చోట ఎనిమిది గూళ్ళు కట్టారు. ఒక్కొక్కరికి ఒక్కో గూడు, మధ్యలో చెక్క అడ్డు. ఈ రోజు వాటిలో యంత్రాలు బిగించడానికి ఒక మెకానిక్ అమ్మాయి వచ్చింది. "పెద్దమ్మా, మీరు కూర్చోండి, మీ ఎత్తుకి పెడితే అందరికీ అందుతుంది" అని నన్ను ఒక్కో గూట్లో కూర్చోబెట్టింది. ఎదురుగా జవాబు నొక్కే తెర. దాని కింద కప్పులు వచ్చే చిన్న కిటికీ. పక్కన ఒక బొత్తాం, అది నొక్కితే అవతల దీపం వెలిగి మా పరీక్షలు చూసే ఆఫీసరు గారు వస్తారు. అన్నీ నొక్కి చూశాను. బాగానే ఉంది అనుకుంటుండగా ఆ పిల్ల నెత్తిమీద ఎర్ర లైటు వేసింది.

"ఇదెందుకమ్మా?" అన్నాను.

"రంగు చూసి రుచి చెప్పకుండా పెద్దమ్మా. పక్కవాళ్ళ మొహం చూడకుండా ఈ చెక్క."

నన్ను ఎరిగి ఎవరో కట్టించినట్టే ఉంది!

అంతలో కిటికీ అవతల నుంచి ఆఫీసరు గారు, "ఎలాగూ కూర్చున్నారుగా, ఒక పరీక్ష వేద్దాం. నాలుగింటికి లారీ ఎక్కే సరుకే, మీరు పోయిన నెల బాగుందన్నది" అని పొడి కలిపిన మూడు కప్పులు తోశారు. రెండు ఒకటే, ఒకటి వేరు. వేరేది ఏదో చెప్పాలి. ఆ లైటు కింద మూడూ ఒకే రంగు. మూడూ తాగాను. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ తాగాను. తెర మీద మూడు అంకెలు ఉన్నాయి గానీ తెలియదు అని నొక్కడానికి ఏమీ లేదు. ఏదో ఒకటి నొక్కితే మూడింట ఒకసారి తగిలేది. వేలు కూడా ఎత్తాను. పసిపిల్లలు తాగే పొడి అండీ అది. వేలు తీసి బొత్తాం నొక్కాను.

కిటికీ జరిగింది. ఆయన గడ్డం మాత్రమే కనపడింది. "ఏం పెద్దమ్మా, వేడిగా ఉన్నాయా?"

"వేడో చల్లనో తెలుస్తోంది బాబూ. మిగతాదే తెలియట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలలు."

"మరి పోయిన నెల బాగుందన్నారు?"

"రంగు చూసి."

ఆయన గేటు వైపు పరుగెత్తారు. లారీ గేటు దగ్గర ఆగింది.

ఇక్కడితో అయిపోతే ఉత్తరం ముగించేదాన్ని. మీకు చెప్పడానికి సిగ్గుపడుతున్నది ఇంకొకటి ఉంది. నా పక్క కుర్చీలో కూర్చునే పిచ్చుక తెలుసుగా, ఆగకుండా మాట్లాడుతుందని అలా పిలుస్తాం. మూడు వారాల కిందట ఈ సరుకు రుచి చూసిన రోజు అది "ఇందులో పాత నూనె వాసన వస్తోంది" అంది. నా గుట్టు బయటపడుతుందని భయమేసి, "నువ్వు తలకు పట్టించిన నూనేమో, వెళ్ళి ముక్కు కడుక్కుని రా" అన్నాను. అందరూ నవ్వారు. అది నిజంగానే కడుక్కుని వచ్చి, "బాగానే ఉంది" అంది.

ఇందాక కప్పులు కడిగే చోట దాని రెండు చేతులూ పట్టుకుని అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. దాని మొహం పాలిపోయింది.

"పిన్నీ, ఆ రోజు నుంచి నేను దేనికీ తేడా ఉందని రాయలేదు. మీకు బాగున్నది నాకు బాగాలేదంటే నా ముక్కే చెడిందనుకున్నా. అప్పట్నుంచీ మీ మొహం చూసే రాస్తున్నా."

నేను వాళ్ళ మొహాలు చూశాను. అది నా మొహం చూసింది. మరి ఆ బల్ల దగ్గర రుచి చూసిందెవరండీ?

ఇద్దరం కలిసి వెళ్ళి ఆఫీసరు గారితో అదీ చెప్పాం. ఆ మూడు వారాల సరుకులో సగం కొట్లకు చేరిపోయిందట, తెప్పిస్తున్నారు. నా పని ఉందో ఊడిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మనవరాలు తాగేదీ మా ఫ్యాక్టరీ పొడే కదా, ఇందాక ఫోనులో ఆ డబ్బా పక్కన పెట్టమన్నది ఇందుకే. పారేయకండి. అమ్మాయికి చూపించకుండా మీరొక్కరే మూత తీసి వాసన చూసి, ఎలా ఉందో రాయండి. నాకు బాధ కలుగుతుందని బాగుందని మాత్రం రాయకండి.

ఇట్లు,
మీ జవాబు కోసం వాకిట్లోనే కూర్చునే
మీ ఇల్లాలు