నలభై మందికి పంపిన వాకబు

2006 ఆగస్టు, శనివారం, మౌంట్ రాస్కిల్

నిన్న లాయర్ నోటీసు చూసి, "నిజం చెప్పినదానికి భయమేమిటి" అని ఇక్కడే రాసుకున్నాను. తప్పు. నిజమైతే చాలదట.

స్నేహితురాలు శారద తన కూతురికి వచ్చిన లండన్ సంబంధం గురించి వాకబు చేయమంది. మా చెల్లెలు అక్కడే ఉంది కదా, అడిగాను. అబ్బాయికి ఇదివరకే పెళ్లయిందనీ, విడిపోయారనీ అంది. శారదకు మెయిల్ రాసి ఊరుకోవాల్సింది. ఇక్కడి తెలుగు సంఘంలో నలభై మందికీ అదే మెయిల్ పంపాను. ఇప్పుడు ఆ అబ్బాయి లండన్‌లోనే పరువు నష్టం దావా వేస్తాడట.

లా చదివే మనవరాలు సింధు నెత్తి కొట్టుకుంది.

"అడిగినావిడకి చెప్తే చట్టం కాస్త కాపాడుతుంది అమ్మమ్మా. ఈ నలభై మందీ పెళ్లికూతుళ్లా?"

"అబద్ధమైతే అతన్నే నిరూపించమను!"

"అక్కడ అతను నిరూపించక్కర్లేదు. నిజమని నువ్వే చూపించాలి."

ఏం చూపించను? నాకు చెల్లెలు చెప్పింది, దానికి గుడిలో ఎవరో చెప్పారు. ముప్పై ఏళ్లు పిల్లల వ్యాసాల పక్కన 'ఆధారం?' అని ఎర్ర ఇంకుతో రాసినదాన్ని. శారద ముహూర్తం ఆపేసింది. నా మాట నిజమైతే ఆ పిల్ల బయటపడ్డట్టే. కాకపోతే ఆ అబ్బాయి...

రేపు పొద్దున్నే మూల మీది డెయిరీలో, అదే ఇక్కడి చిల్లర కొట్టులో, లండన్‌కి ఫోన్ కార్డు కొనాలి. చెల్లెలితో కబుర్లు వద్దు. అతని మొదటి పెళ్లి కళ్లారా చూసినవాళ్ల పేరు, నంబరు అడిగి రాసుకోవాలి.