మైకులో రావు గొంతు

14 సెప్టెంబరు 1996, శనివారం

లంచ్ బెల్లు కొట్టంగనే డబ్బాలు మార్చుకున్నం. నా జొన్నరొట్టె రావుకు, రావు పప్పుచారు నాకు. నాచారం ఫ్యాక్టరీల పక్కపక్క మిషన్ల మీద నిలబడ్డ కాడినుంచి గిదే కథ — పదకొండేండ్లు. ఆయన డబ్బా మూత మీద చుక్కచుక్కలుగ పేరు కొట్టి ఉంటది, కె.వి.రావు అని. "మీ ఆంధ్రోళ్లు పేరు లేకపోతే గిన్నెను గూడ నమ్మరు" అన్న. "మీరు పేరున్నా పట్టుకుపోతారుగా బావా!" అన్నడు. నవ్వుకుంట రొట్టె తింటుంటే కండ్లల్ల నీళ్లు... కారానికి.

ఆయన పెండ్లాం సీత నన్ను అన్నయ్యగారూ అంటది. అందుకే రావు నాకు బావ. తెనాలి బావ.

16, సోమవారం — చవితి

వినాయకుడు కూసున్నడు. కాలనీ మొత్తానికి ఒక్కడే. అటు రెండు గల్లీలు ఆంధ్రోళ్లవి, ఇటు మూడు మావి, నడుమ ఖాళీ జాగల పందిరి. మైకు ఎప్పటి లెక్కనే రావుది — "భక్త మహాశయులకు మనవి..." మాట సాపుగ ఉంటదని అందరు కలిసి ఇచ్చిన పని. నా పని, గా మైకు గుంజుకొని ఎవరిదో ఒకరి గొంతు తీసుడు. పోయినేడు రావు గొంతుతోని — "పంతులు గారి చెప్పులు దొరికాయి, రెండూ ఎడమ కాలివే" అన్న. పంతులు మంత్రం ఇడిసిపెట్టి ఉరికిండు. అందరికంటె ఎక్కువ నవ్వింది రావే.

18, బుధవారం

చాయ హోటల్ల నర్సింగు. కాలనీ పెద్దమనిషని వానికి వాడే పెట్టుకున్నడు పేరు. "పందిరి మన దిక్కు, పెత్తనం గాళ్లది. ఏంది గిది?" టీవీల చిన్న రాష్ట్రాల ముచ్చట ఇన్నకాడినుంచి వీనికి నిద్ర లేదు. జర వీని తోక మెలిపెట్టాలె. రేపు.

19, గురువారం

చేసిన.

హారతి పళ్లెం తెస్తనని రావు ఇంటికి పోయిండు. పరదా ఎనకకు దూరి మైకు పట్టిన. రావు గొంతు, రావు దగ్గు, అన్ని. "మా వైపు వాళ్ళందరికీ మనవి. రేపటినుంచి మన వినాయకుణ్ణి మనం వేరే పెట్టుకుందాం. వీళ్ళకి పూజ చెయ్యటం రాదు."

నవ్వు కోసం ఆగిన. నవ్వినంక బయటికొచ్చి దండం పెట్టాలె — గదీ నా ఉపాయం. నవ్వు రాలే. సందులకెళ్లి సూస్తే నర్సింగు కుర్చీ ఎత్తి ఉన్నడు. టార్పాలిన్ కిందికెళ్లి ఎనకకు జారిన.

గప్పుడే రావు వచ్చిండు, పళ్లెంల కర్పూరం వెలుగుతున్నది. అందరు మీద పడ్డరు. "నేను కాదండీ, ఇంట్లో ఉన్నాను..." ఎవరింటరు? గొంతు అందరు ఇన్నరు. కోపంల నా మజాకులు ఎవరికీ యాదికి రాలే.

నేను చుట్టు తిరిగొచ్చి గుంపుల నిలబడ్డ. 

ఆయన దిక్కు గుమస్తా ఒకాయన రావు భుజం తట్టిండు — "అన్నదాంట్లో తప్పేముందండీ? మేమూ ఎప్పట్నుంచో అదే అనుకుంటున్నాం."

20, శుక్రవారం

ఆంధ్రోళ్ల దిక్కు నాలుగో గల్లీల ఇంకో వినాయకుడు దిగిండు. ఒక్క రోజుల! చవితి పోయినంక విగ్రహం ఏడ దొరికిందో. మనసుల ఎప్పుడో కొని పెట్టుకున్నట్టున్నరు.

22, ఆదివారం

రెండు మైకులు. మొకం మొకం పెట్టుకొని ఒర్రుతున్నయి. పిల్లులు గూడ కాలనీ ఇడిసిపోయినయి. రావు ఏ పందిరికీ పోలే. కిటికీ ఏసుకున్నడు.

23, సోమవారం

బోరింగు కాడ సీతను ఆపిన్రట. "మాకు పూజ రాదంట గద, మా బోరింగు నీళ్లు మీ దేవునికి పనికొస్తయా?" బిందె ఖాళీగనే తీసుకపోయిందట. మా ఆమె చెప్పుకుంట నా మొకమే సూసింది.  ఇరవై రెండేండ్ల కాపురం... ఎవరి గొంతు తీసినా ఆమెకు దొరికిపోత.

24, మంగళవారం

తిన్నంక రావు మెల్లగ అన్నడు — "బావా, నా గొంతు తీసేది నువ్వొక్కడివే. నువ్వైతే చెప్పెయ్. నేనేమీ అనను. వాళ్ళ ముందు ఒక్క మాట అంటే చాలు, మేం తలెత్తుకుని ఇక్కడే ఉంటాం."

"నేను గాదు బావా. నీ తోడు."

నీ తోడు అన్న! ఎందుకన్న? మా గల్లీలోళ్లు కోసి కారం పెడతరని భయం. అది గాదు అసలుది. ఇన్నేండ్లు నలుగురిని నవ్విచ్చెటోన్ని. రేపటికెళ్లి నేనొస్తుంటె నవ్వులు ఆగిపోతయని.

రావు డబ్బా మూత పెట్టిండు. "సరే" అన్నడు. గంతే.

26, గురువారం — నిమజ్జనం

రెండు లారీలు. రెండు బ్యాండ్లు. చెరువు ఒక్కటే. ఇద్దరు గా నీళ్లల్లనే మునిగిన్రు. దేవుళ్లకు వేరు చెరువు దొరకలే, పాపం.

6 అక్టోబరు, ఆదివారం

ఆగలేక నర్సింగుకు చెప్పిన. "గాయన కాదన్నా. నేనే. మజాక్ చేసిన."

నవ్విండు! గప్పుడు రావలసిన నవ్వు ఇప్పుడొచ్చింది వానికి. "నువ్వైతే ఏంది, గాయనైతే ఏంది? గాళ్లు వేరే పెట్టుకున్నరా లేదా? నోర్మూసుకొని చాయ తాగు."

తాగిన.

అగ్గిపుల్ల నాది. కట్టెలు రెండు దిక్కుల ఎప్పటినుంచో ఎండబెట్టుకున్నరు. గిట్ల అనుకుంటే జర ఊపిరాడుతది... కని కాలింది రావు ఇల్లు గద.

10, గురువారం

ఇయ్యాల ఎవరి గొంతూ తీయలే. చాయ హోటలాయన అడిగిండు — జరమా, యాదగిరన్నా?

19, శనివారం

నారపల్లి దిక్కు ప్లాట్లట. ఆయన దిక్కోళ్లు పదిండ్లోళ్లు కలిసి కొంటున్నరు. "అందరం మనవాళ్ళమే, గొడవుండదు" అంటున్నరట. అక్కడ్నే కిరాయికుండి కట్టుకుంటరట. రావుకు పానం ఒప్పుతలేదు. సీత పట్టు. నీళ్ల కాడ మాట పడ్డది ఆమె మరి. రావు అటు దిక్కే ఇంకో ఫ్యాక్టరీల పని సూసుకున్నడు.

15 నవంబరు, శుక్రవారం

నాచారంల ఆయనకు ఆఖరి డ్యూటీ. డబ్బాలు మార్చుకున్నం.  చారుల ఉప్పు తక్కువైంది, చెప్పలే. బెల్లు కొట్టిన్రు, ఎవరి మిషన్ కాడికి వాళ్లం. ఇంటికొచ్చి సూస్తే కె.వి.రావు నా సంచిలనే ఉన్నది. నా డబ్బా ఆయన కాడ.

17, ఆదివారం

లారీ. మంచం ఒక కొస నేను పట్టిన, ఒక కొస ఆయన. మా గల్లీలోళ్లు గోడల మీదికెళ్లి సూస్తున్నరు. నర్సింగు గూడ. సామానంత ఎక్కినంక రావు నా ముందల నిలబడ్డడు. అందరికి ఇనపడేటట్టు —

"యాదగిరి గారూ. నా గొంతు మీ దగ్గరే ఉండిపోయింది. ఒక్కసారి దాంతోనే చెప్పండి, వెళ్ళొస్తామని."

బావ పోయిండు. గారు వచ్చిండు.

నోరు తెరిచిన. ఎందరి గొంతులో తీసిన నోరు... నా గొంతు గూడ రాలే. సీత డ్రైవరు పక్కకు కూసుండి ముందటికే సూస్తున్నది. అన్నయ్యగారూ అనలే. లారీ మెయిన్ రోడ్డు మలిగిందాక నిలబడ్డ.

1 డిసెంబరు, ఆదివారం

నారపల్లికి పోదామని ఉప్పల్ చౌరస్తా దాకా పోయిన. ఘట్‌కేసర్ బస్సు వచ్చింది. ఆగింది. పోయింది. ఇంకోటొచ్చింది, గదీ పోయింది. చాయ తాగి ఇంటికొచ్చిన.

8, ఆదివారం

రావు డబ్బా మా ఆమె తోమి బోర్లిచ్చింది. ఒకరి డబ్బా ఖాళీగ తిరిగియ్యొద్దంటది. పొద్దుగల్లనే లేసి రొట్టెలు చేసింది, కారం తక్కువేసి తొక్కు నూరింది. "నా వంతు నేను పెట్టిన" అన్నది. 

అంగీ తొడుక్కున్న. సంచి భుజాన్నే ఉన్నది. పదిన్నరకు బస్సు. డబ్బా మీద చెయ్యి పెట్టి సూసిన, సల్లారుతున్నది. నేనింకా గడప మీదనే కూసుండి ఇది రాస్తున్న...